ఒక గ్లాసు ఎక్కువ

మెడ మీది గీత ఎరుపు తగ్గి లేత రంగుకు వచ్చింది. ఇప్పుడు చున్నీ కప్పుకోకుండానే బయటికి పోతున్నాను. చేతులు వణకకుండా పెన్ను పట్టుకోగలిగిన రోజు ఇదంతా రాసి పెట్టాలని ఆసుపత్రి మంచం మీదే అనుకున్నాను. నేను తాగే మందే తాగేవాళ్లు ఇంకా కొందరు ఉంటారు. వాళ్ల కోసం కొంత, నా గుండె నిమ్మళం కోసం కొంత రాస్తున్నాను.

నాకు ముప్పై తొమ్మిదేళ్లు. తిన్న తిండిలోని ఫాస్ఫేట్‌ను మూత్రపిండాలు నిలవనీయని జబ్బు నాది. అది ఒంట్లో నిలవకపోతే ఎముక గట్టిపడదు, మనిషి నిలబడితే బరువుకు వంగుతుంది. నాలుగేళ్ల వయసులో నా మోకాళ్ల మధ్య చెంబు దూరేంత సందు ఉండేదట. భానూర్ పక్కన మా ఊరు. నాన్న పొలం పని వదిలేసి నన్ను భుజాన వేసుకుని పట్నంలో పెద్దాసుపత్రికి తిరిగాడు. అక్కడ ఇచ్చిన పొడిని నీళ్లలో కలుపుకుని రోజుకు అయిదుసార్లు తాగాలి, దానితో పాటు చిన్న విటమిన్ గోలీ వేసుకోవాలి. ఉప్పగా, వెగటుగా ఉండే ఆ నీళ్లు తాగే నేను నడిచాను, బడికి పోయాను, ఇంటర్ చదివాను. నా ఎత్తు అత్తగారి భుజం దాటదు కానీ నా కాళ్ల మీద నేను నిలబడ్డాను.

నా భర్త నర్సింలు మిషన్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఇస్నాపూర్‌లో ఉంటాం. అత్తమ్మ మాతోనే ఉంటుంది. మాకు ఒక్కతే బిడ్డ, అక్షిత. ఆరో తరగతి. నా జబ్బు దానికీ వచ్చింది. మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీద టీ గిన్నె పెట్టకముందే పొడి కలిపిన గ్లాసులు రెండు గట్టు మీద ఉంటాయి.

మార్చి

మొదట దాహం. ఎండలు ముదరకముందే రోజుకు అయిదారు సీసాల నీళ్లు తాగేదాన్ని. తాగిన నీళ్లు నిలిచేవి కావు. నేను మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో పనిచేస్తాను. బెల్టు మీద టాబ్లెట్ షీట్లు వస్తుంటే గోలీ లేని గుంట కనిపించిన షీటును తీసి పక్కన పడేయాలి. కూర్చుని చేసే పని కాబట్టి నా కాళ్లకు సరిపోయింది. గంటలో రెండుసార్లు బాత్రూంకు లేస్తుంటే పక్క స్టూలు అమ్మాయి మొదట నవ్వింది, తర్వాత విసుక్కుంది.

ఆ తర్వాత అలసట వచ్చింది. నిద్ర లేచిన వెంటనే మళ్లీ పడుకోవాలనిపించేది. తుంటి ఎముకల్లో, పక్కటెముకల్లో ఎవరో లోపల వేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. ఎముకలు నొస్తే నాకు తెలిసిన వైద్యం ఒకటే. ఇంకో గ్లాసు పొడి నీళ్లు. అయిదు సార్లు తాగాల్సింది ఆరు, ఏడు తాగేదాన్ని. తాగితే తగ్గినట్టే ఉండేది. ఇది ఆ మార్చిలో మొదలైన అలవాటు కూడా కాదు. ఎన్నేళ్లుగానో అంతే. అక్షితకూ అదే నేర్పాను. ఆటల పీరియడ్ ఉన్న రోజు సాయంత్రం అది కాళ్లు పట్టుకుని కూర్చుంటే, "ఒక గ్లాసు ఎక్కువ తాగు బిడ్డా, అల్కగయితది" అని నేనే కలిపి చేతికి ఇచ్చేదాన్ని.

ఒకరోజు బెల్టు ముందు కూర్చున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. షీట్లు పోతున్నాయి. ఎందుకు చూస్తున్నానో మర్చిపోయాను. నా ముందు ఉన్నవి ఏమిటో, నేను ఏం చేయాలో తెలియలేదు. బెల్టు టక్కున ఆగింది. మా లైను సూపర్వైజర్ పద్మగారు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. ఆవిడది గోదావరి వైపు. భర్త ఉద్యోగం కోసం బీరంగూడలో స్థిరపడి చాలా ఏళ్లయింది.

"స్వరూపా, వరసగా నాలుగు ఖాళీ షీట్లు వదిలేశావమ్మా. ఏమైంది నీకు?"

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో తెలియదు. ఆ రోజుల్లో ఊరికే ఏడుపు వచ్చేది. ఆవిడ కోప్పడలేదు. ఆ షీట్లను తనే వెతికి తీసి, నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

"రేపు పనిలోకి రాకు. రక్త పరీక్ష చేయించుకుని, ఆ కాగితం పట్టుకునే నా దగ్గరికి రా. సరేనా?" అన్నారు.

ఏప్రిల్

పటాన్‌చెరులో పరీక్ష చేయించుకున్నాం. అక్కడి డాక్టర్ కాగితం రెండుసార్లు చూసి, "కాల్షియం గోలీలు గిట్ల బాగ మింగుతున్నవా అమ్మా?" అని అడిగాడు. మింగలేదని చెప్పాను. "మరి రక్తంల గింత కాల్షియం ఎక్కడిది? హార్మోన్ల డాక్టర్‌కు చూపెట్టు. లేట్ చెయ్యకు" అన్నాడు. ఆ చివరి రెండు మాటల దగ్గర ఆయన నా వైపు కాకుండా నర్సింలు వైపు చూశాడు. భయం అక్కడ మొదలైంది.

సిటీలో పెద్దాసుపత్రి. హార్మోన్ల విభాగం ముందు పొడుగాటి హాలు, ఇనుప కుర్చీలు, నంబర్లు పిలిచే మైకు. మాది అరవై మూడు. మైకులో ముప్పైలు నడుస్తున్నాయి. నర్సింలు షిఫ్టు మార్చుకుని వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా చేతిలో పాత మందుచీటీ ఉంది. మడతల దగ్గర చిరిగితే టేపు అతికించుకున్నాను. ఆయన దాన్ని తీసుకుని చదివి, పైన ఉన్న తారీఖు మీద వేలు పెట్టాడు.

"నీకు చదువొచ్చు గదనే. గీ తారీఖు సూడలేదా? ఆరేండ్లయింది."

"మందుల షాపుల ఇస్తనే ఉన్నరు. మంచిగనే ఉన్న గదా, అని..."

"మంచిగున్నవని ఎవరు జెప్పిండ్రు నీకు?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఆయన లేచి పోయి మెట్ల దగ్గర నిలబడ్డాడు. నంబరు పిలిచేదాకా వెనక్కి రాలేదు.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. నా చెయ్యి పట్టుకుని గోళ్లు, పళ్లు, కాళ్లు చూసింది. రోజుకు ఎన్నిసార్లు తాగుతారని అడిగింది. చెప్పాను. నొప్పి ఉన్నప్పుడో అని అడిగింది. అదీ చెప్పాను. ఆవిడ రాయడం ఆపింది.

"మెడలో నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి స్వరూప గారూ, బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దవి. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసుకోవడం వాటి పని. మీరు ఫాస్ఫేట్ తాగిన ప్రతిసారీ కాల్షియం కాస్త తగ్గుతుంది, అవి లేచి పని చేస్తాయి. ముప్పై ఏళ్లకు పైగా వాటికి తెరిపి లేదు. ఇప్పుడు అవి బాగా పెరిగిపోయి, ఎవరి మాటా వినని స్థితికి వచ్చాయి. మీ ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తున్నాయి."

ఏ ఎముకల కోసం నేను ఆ నీళ్లు తాగానో ఆ ఎముకలే కరుగుతున్నాయని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"అంటే మందే జబ్బు చేసిందా మేడం?"

"మందు మిమ్మల్ని నడిపించింది. చూడకుండా తాగడం వల్ల ఇక్కడిదాకా వచ్చింది. ఎంత తాగాలో, విటమిన్ ఎంత ఉండాలో పరీక్షలు చూసి మారుస్తూ ఉండాలి. కొందరికి జాగ్రత్తగా ఉన్నా ఇలా అవుతుంది. కానీ ముందే తెలుస్తుంది." ఆవిడ కాగితం పక్కకు జరిపింది. "మీ పాపకూ ఉందన్నారు కదా. ఆమెకు పరీక్షలు ఎప్పుడు చేయించారు?"

నర్సింలు నా వైపు తిరిగాడు.

"ఈ మధ్యనే," అన్నాను. "అన్నీ మంచిగనే ఉన్నయన్నరు."

అది అబద్ధం. అక్షితను పిల్లల డాక్టర్‌కు చూపించి ఏడాదిన్నర దాటింది. ఎందుకు అలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ గదిలో ఒక్క తప్పుకే నిలబడే బలం ఉంది నాకు, రెండో దానికి లేదు. నాకు ఆపరేషన్ తప్పదని ఆ రోజే తేలింది, అది కాగానే బిడ్డను తీసుకుని పోదామనుకున్నాను.

జూన్

స్కాన్లలో మూత్రపిండంలో రెండు రాళ్లు కనిపించాయి. మెడలో ఉబ్బిన గ్రంథులు కనిపించాయి. నాలుగింటిలో మూడున్నర తీసేస్తామని చెప్పారు సర్జన్. సంతకం పెట్టించుకునే ముందు, మాటకు సంబంధించిన నరం అక్కడే పోతుంది కాబట్టి గొంతు మారవచ్చనీ, అరుదుగా పోవచ్చనీ చెప్పారు. ఆ రాత పక్కనే నా సంతకం వంకరగా వచ్చింది.

థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఎవరికోసమో ఆగారు. పైన ట్యూబులైటు. నాకు అక్షిత చిన్నప్పుడు నేర్చుకున్న ఎక్కాలు గుర్తుకొచ్చి రెండో ఎక్కం మనసులో చదువుకున్నాను. రెండు ఏడ్ల దగ్గర ఆగిపోయాను. పద్నాలుగు అన్నది ఎంత వెతికినా రాలేదు. చనిపోతానన్న భయం కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

మెలకువ వచ్చాక గొంతు విప్పి చూసుకోవడానికి ధైర్యం చాలలేదు. నర్సింలు వంగి, "స్వరూపా, స్వరూపా" అంటున్నాడు. పలికితే శబ్దం రాకపోతే? చివరికి, "టైమెంతయింది?" అన్నాను. బొంగురుగా, కానీ నా గొంతే. ఆయన గడియారం చూడలేదు. గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

అంతటితో గండం గడిచిందనుకున్నాం. మూడో రోజు పొద్దున ఇడ్లీ తింటుంటే పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. తర్వాత వేళ్ల కొసలు. చేతిలో ముక్క జారిపోయింది. చూస్తుండగానే నా కుడిచేతి వేళ్లు వాటంతట అవే దగ్గరికి ముడుచుకుని, మణికట్టు లోపలికి వంగి, చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. తర్వాత ఎడమది. నేను విప్పాలనుకుంటున్నాను, నా చెయ్యి నా మాట వినడం లేదు. ఛాతీ కూడా పట్టేసినట్టయి ఊపిరి చిన్నదైపోయింది. అరుద్దామంటే దవడ కదలలేదు.

వార్డులో ఊడుస్తున్న ఆయమ్మ చూసింది. చీపురు అక్కడే పడేసి, "సిస్టర్! జల్దీ రా, తొమ్మిదో నంబర్!" అని కేకవేసి నా దగ్గరికి వచ్చి ఆ బిగుసుకున్న చేతిని రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఏం గాదు బిడ్డా. నా దిక్కు సూడు. గిట్లనే అయితది ఈ ఆపరేషన్ల. నేను మస్తు మందిని సూసిన. సూది పడంగనే విడుస్తది. నా దిక్కే సూడు."

నర్సు సూదిలోంచి కాల్షియం మెల్లగా ఎక్కిస్తున్నంతసేపూ ఆమె వదల్లేదు. ముఖం మీద వేడి పాకింది. ఒక్కో వేలూ తెరుచుకుంది. ఆమె నా వేళ్లను ఒకటొకటిగా నిమిరి, మళ్లీ చీపురు తీసుకుని పోయింది. పేరు అడగలేకపోయాను.

ఇన్నాళ్లూ కాల్షియం కోల్పోయిన ఎముకలు ఇప్పుడు ఆకలిగొన్నట్టు రక్తంలోది అంతా లాగేసుకుంటున్నాయని డాక్టరమ్మ వచ్చి చెప్పింది. పదకొండు రోజులు సీసాలు ఎక్కిస్తూనే ఉన్నారు. పెదవి మీద చిన్న తిమ్మిరి వచ్చినా వణికిపోయేదాన్ని. నిజంగా వచ్చిందో, భయానికి వచ్చిందో తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అక్షిత ఫోన్ చేసింది. చెప్పాలా వద్దా అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది.

"అమ్మా, నాయినమ్మ నా మందు పారబోసింది. డబ్బా గూడ దాచింది. తాగొద్దంటుంది."

జులై

ఇంటికి వచ్చిన రోజే అత్తమ్మను అడిగాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి నా మెడ మీద అతికించిన పట్టీ వైపు చూపించింది.

"నీ మెడ గోసినంక గూడ ఆ పొడి నా మనుమరాలికి పొయ్యాల్నా? నిన్ను జూసినంక గూడనా?"

"డాక్టర్ బంద్ చెయ్యమన్లేదు అత్తమ్మా."

"నీకు ముప్పయేండ్లు తాగమన్నది గూడ డాక్టర్లే గదా."

నర్సింలు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఏదైనా అంటాడని చూశాను. "కొన్ని రోజులు ఆపి సూద్దాం" అన్నాడు నేల చూస్తూ.

నేను గట్టిగా కాదనాలి. అనలేదు. అసలు నిజం ఏమిటంటే నాకూ ఊరటగానే అనిపించింది. ఆ గ్లాసు నా చేత్తో కలపాల్సిన పని తప్పింది కదా అని. నేను ఆసుపత్రిలో ఉండగా అక్షితకు మందు లేకుండా గడిచిన రోజులకు ఇంకో పదమూడు రోజులు నేను కలిపాను.

బిడ్డ నడక మారడం నేను చూశాను. మొదట పొద్దున లేవగానే గోడ పట్టుకునేది. తర్వాత మెట్టు దిగేటప్పుడు ఒక కాలు ముందు పెట్టి, రెండోది దాని పక్కకు తెచ్చుకునేది. నేను అడిగితే, "ఏం లేదమ్మా" అనేది. నాకు మళ్లీ ఏమైనా అవుతుందని దానికి భయం. దానికి ఏమైనా అవుతుందని నాకు భయం. ఇద్దరం ఒకరికొకరం ఏమీ చెప్పుకోలేదు.

ఒక గురువారం బడి నుంచి టీచర్ ఫోన్ చేసింది. అక్షిత మెట్ల మీద కూర్చుండిపోయిందట, పైకి ఎక్కలేకపోతోందట. అత్తమ్మా నేనూ ఆటోలో పోయాం. అది మూడో మెట్టు మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. మమ్మల్ని చూసి, "క్లాసు పైనుంది" అంది, తప్పు తనదైనట్టు.

అత్తమ్మ ఆ మెట్ల దగ్గరే నేల మీద కూర్చుని మనవరాలి కాళ్లు రెండూ పట్టుకుంది. "నాకేం ఎరుక బిడ్డా, నాకేం ఎరుక" అని అంటూనే ఉంది. ఆమె మీద అప్పటిదాకా ఉన్న కోపం నాకు ఆ క్షణంలో ఎటు పోయిందో. ఆమె ఆపింది ప్రేమతో. నేను ఎక్కువ పోసిందీ ప్రేమతోనే. ఇద్దరం కొలత చూడలేదు, అంతే.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. తలుపు దగ్గరే చెప్పేశాను.

"మేడం, నేను మీకు అబద్ధం జెప్పిన. పాపకు పరీక్షలు చేపియ్యలేదు. ఏడాదిన్నర మీదనే అయింది. నొప్పంటే ఎక్కువ గూడ తాపిన. ఇప్పుడు బంద్ చేసినం."

పక్కన నర్సింలు ఊపిరి బిగపట్టడం వినిపించింది. ఆయనకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. ఆవిడ తిడితే బాగుండనిపించింది. తిట్టలేదు. "కూర్చోండి," అంది. "చెప్పారు కదా. మొదలు పెడదాం." రక్తం, మూత్రం, కిడ్నీల స్కాన్ రాసింది. మందు ఆపకూడదని చెప్పి, ఇకనుంచి ఎంత ఇవ్వాలో గీత పెట్టిన చిన్న కొలత గ్లాసు ఇచ్చి చూపించింది. వారం తర్వాత రమ్మంది.

ఆ వారం నర్సింలు తిన్నాక కంచం తనే కడిగేవాడు. ఒకరోజు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "నాకు జెప్తే నేను తిట్టేటోన్నే. కానీ జెప్పాలె గదా."

"జెప్పాలె," అన్నాను.

ఆగస్టు

మళ్లీ అదే హాలు, అవే ఇనుప కుర్చీలు. ఈసారి కాగితాల కవరు నా ఒళ్లో ఉన్నా విప్పే ధైర్యం లేదు. విప్పితే నాకు అర్థం అయ్యే అంకెలు కొన్ని ఉంటాయి. అదే భయం. అర్థం కాని వాళ్లకు డాక్టర్ చెప్పేదాకా కాసేపు నిమ్మళం ఉంటుంది.

పక్క కుర్చీలో జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుంది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఒళ్లో రెండేళ్ల బిడ్డ, వాడి కాళ్లు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆమె నా కాళ్లు చూసింది, తర్వాత మెడ చూసింది, తర్వాత అక్షితను చూసింది.

"అక్కా, వీనికి గూడ పొడి నీళ్లు రాసిండ్రు. మీకు గూడ అదేనా?"

"అదే."

"మెడకు ఆపరేషన్ దానితోనే అయిందా?"

ఆమె కళ్లలో నా జవాబు మీద ఆధారపడిన బిడ్డ కనిపించాడు. లేదంటే అది ఇంకో అబద్ధం. అవునంటే రేపు ఆ పొడి మోరీలో పోస్తుంది.

"తాపు చెల్లె," అన్నాను. "తాపకుంటే వాడు నడవలేడు. నా బిడ్డను మొన్ననే సూసిన. కానీ చీటీల రాసినంతనే తాపు, చుక్క ఎక్కువ వద్దు. నొప్పని ఏడ్చినా వద్దు, డాక్టర్ దగ్గరికి తీస్కరా. రక్త పరీక్షకు రమ్మన్న రోజు రా. బస్సు దొరకలేదని, వాడు మంచిగున్నడని ఆగకు. నేను ఆగిన."

"భయమైతలేదా అక్కా మీకు?"

"అయితుంది. ఇప్పుడు గూడ అయితుంది. ఈ కవరు ఇంక విప్పలే."

ఆమె నా ఒళ్లోని కవరు చూసి, తన సీసాలోని నీళ్లు నాకు ఇచ్చింది. అంతలో మా నంబరు పిలిచారు.

డాక్టరమ్మ కాగితాలు ఒకటొకటిగా తిప్పింది. నర్సింలు నిలబడే ఉన్నాడు. "కాల్షియం బాగానే ఉంది. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి," అంది. నేను ఇంకా ఊపిరి వదల్లేదు, ఆవిడ పేజీ తిప్పలేదు కాబట్టి. "ఆ మెడ గ్రంథుల హార్మోన్ మాత్రం ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ ఉంది. మీదంత కాదు, దగ్గర్లో కూడా లేదు. కానీ ఉంది. పొడి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పంచి ఇద్దాం, విటమిన్ మారుద్దాం."

నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. వాటికంటే ముందు అడిగింది అక్షిత.

"నాకు గూడ మెడ కోస్తరా మేడం?"

డాక్టరమ్మ నా వైపు చూడలేదు. కుర్చీ దాని వైపు తిప్పుకుంది. "ఇప్పుడు అవసరం లేదు. ఎప్పటికీ ఉండదని నేను మాట ఇవ్వలేను. కానీ నువ్వు చెప్పిన రోజుకు వస్తే, అంతదాకా పోకుండా ఆపడానికి నాకు టైం ఉంటుంది."

అక్షిత బ్యాగులోంచి బడి డైరీ తీసి, పెన్ను మూత పంటితో లాగింది.

"అయితే మళ్ల ఏ రోజు రావాలె?"

ఆవిడ తారీఖు చెప్పింది. అది రాసుకుని, కింద రెండుసార్లు గీత కొట్టుకుంది.

నేను ఇది రాస్తున్న ఈ రోజుకు అక్షిత మెట్లు ఎక్కుతోంది, ఒక్కో మెట్టుకు ఒక్కో కాలు. నేను పనిలో చేరాను, సగం షిఫ్టు. పెదవి మీద తిమ్మిరి రాలేదు. ఆ తారీఖుకు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. పొద్దున లేవగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ అంకే. నిన్న పదమూడు.